నాలుగో బోల్టు

బ్రహ్మ రాసిన రాతయినా తప్పుతుందేమో గానీ మేస్త్రి గీసిన గీత తప్పదని ఆ జట్టులో ఒక మాట ఉండేది. గీతంటే పెద్ద చిత్రకళేం కాదు. రేసు కారులో బోల్టు బిగించాక, బోల్టు తల మీంచి పక్కనున్న లోహం మీదికి పసుపు పెన్నుతో సన్నగా ఒక గీత లాగుతారు. బోల్టు ఏ మాత్రం తిరిగినా గీత విరుగుతుంది. విరగలేదంటే బిగుతుగా ఉన్నట్టే. టార్చి వేసి చూసుకుంటే చాలు. ఈ పని అందరూ చేసేదే, కానీ మేస్త్రి గీసినదాన్ని మళ్ళీ చూసే నాథుడు ఉండేవాడు కాదు. ఒకరు బిగిస్తే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలన్నది రూలు. ఆ ఇంకొకరు పసుపు గీత కంటబడగానే కాగితం మీద సంతకం గిలికేసి టీ తాగడానికి పోయేవాడు.

మేస్త్రిది కారు ముందు భాగం. స్టీరింగు, ముందు చక్రాలు, బ్రేకు పెడలు, అన్నీ అతని చేతుల మీదుగా పోవలసిందే. ఆ కారు నడిపేది సాక్షాత్తూ అతని బావమరిది, పండు. ముప్పై నాలుగేళ్ళు నిండినా, పేపర్లలో పెద్దక్షరాల్లో పేరు పడుతున్నా, అక్క పెట్టిన ముద్దుపేరు గ్యారేజీదాకా పాకి అందరి నోటా పండే అయ్యాడు. మా పండు ఇంకా దోరగానే ఉంది, అందుకే కప్పు రాలేదు అని టైర్లవాళ్ళు ఏడిపించేవాళ్ళు. పండు కూడా నవ్వేసేవాడు. పన్నెండేళ్ళుగా ఈ పై స్థాయి రేసుల్లో నడుపుతున్నవాడికి, రెండుసార్లు కప్పు అంచుదాకా వెళ్ళి జారిపోయినవాడికి, ఆ నవ్వు ఎంత ఖరీదో ఒక్క మేస్త్రికే తెలుసు.

మేస్త్రి పెళ్ళినాటికి పండుకి పన్నెండేళ్ళు. తల్లీదండ్రీ లేరు. పెళ్ళికూతురు బట్టల పెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని కాపురానికొచ్చింది. నిన్ను చేసుకున్నందుకు వీడు కొసరు అని మేస్త్రి వేళాకోళమాడేవాడు గానీ, రానురాను ఆ కొసరు మీదే అతని ప్రాణమంతా పెట్టుకున్నాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. పాత నీళ్ళ పంపు ఇంజనుకి నాలుగు చక్రాలు తగిలించి పండుకి మొదటి బండి చేసిచ్చింది అతనే. ఆ బండితో వాడు గోడని గుద్ది రెండు పళ్ళు రాలగొట్టుకున్నప్పుడు మేస్త్రి భార్య వారం రోజులు మొగుడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున మాత్రం ఒక మాట అంది: "వాడికేమన్నా అయితే ఇక మీ మొహం చూడను." ఇరవై ఏళ్ళు దాటింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అలాంటి మాట ఒక్కసారి అంటే సరిపోతుంది.

ఆ ఏడు సీజన్లో ఇరవై రెండు రేసులు, అన్నిట్లోనూ వచ్చిన పాయింట్లు కలిపి ఎక్కువున్నవాడిదే కప్పు. మొదటి అయిదూ చూసినవాళ్ళెవరూ వీళ్ళ మీద ఆశ పెట్టుకోలేదు. రెండుసార్లు ఇంజను పొగలు కక్కింది, ఒకసారి వాన మింగేసింది. ఆరో రేసుకి కారు అడుగుభాగం కొత్తది వచ్చింది. అంతే, పండు చేతిలో కారు మాట వినడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, నాలుగు, ఆరు గెలుపులు. సరిగ్గా అప్పుడే నెత్తిన పిడుగులా ఒక కబురు వచ్చింది. వచ్చే ఏడు పండు సీటు ఒక పందొమ్మిదేళ్ళ పాలబుగ్గలవాడికి రాసేశారట. ఒక్క షరతు, పండు కప్పు గెలిస్తే సీటు పండుదే. గెలవకపోతే ఇంటికే. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి ఇంకే జట్టు పిలుస్తుంది?

అలా సీజన్ చివరి రేసుదాకా వచ్చింది. పాయింట్లలో పండు ముందంజలో ఉన్నాడు. ఆఖరి రేసులో మూడో స్థానంలో వచ్చినా చాలు, వెనకవాడు గెలిచినా కప్పు పండుదే. రేసులో ఎవరెక్కడ నిలబడాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్‌లో పండు అందరికన్నా వేగంగా తిరిగి వరసలో మొదటి చోటు కొట్టేశాడు. ఇక మిగిలింది ఆదివారం మధ్యాహ్నం గంటన్నర పని. ఆ శనివారం రాత్రి మేస్త్రి అన్నం తింటూ తింటూ తనలో తనే నవ్వుకున్నాడని పక్కవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

రేసు రోజు పొద్దున ట్రాకుకి వెళ్ళే వ్యానులో మేస్త్రి కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పెదాలు కదులుతుండేవి. జపం అనుకుని మిగతావాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అది జపం కాదు. ముందురోజు తను బిగించిన ప్రతి బోల్టునీ మనసులో మళ్ళీ ఒకసారి బిగించుకునేవాడు. రెంచి తగిలించడం, తిప్పడం, తగినంత బిగువు రాగానే రెంచి లోపల టక్‌మనడం, గీత గీయడం. ఒకటయ్యాక ఒకటి. ట్రాకు గేటు వచ్చేసరికి లెక్క పూర్తయ్యేది, కళ్ళు తెరిచేవాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు.

ఆ ఆదివారం లెక్క బ్రేకు పెడలు దగ్గరికొచ్చింది. శనివారం క్వాలిఫయింగ్‌కి గంట ముందు పండు, పెడలు కాస్త దూరమైంది, బొటనవేలంత ఇటు జరుపు బావా అన్నాడు. దాన్ని జరపాలంటే నాలుగు పాత బోల్టులు విప్పి కొత్తవి బిగించాలి. కారు ముక్కులోకి తలా భుజమూ దూర్చి, టార్చి పంటితో కరిచిపట్టుకుని చెయ్యవలసిన పని. మొదటి బోల్టు, టక్. రెండోది, టక్. మూడోది, టక్. అప్పుడు వెనక, కారు సీట్లోంచి పండు కేకేశాడు. "బావా, ఒక్కసారి ఇటు రా. ఈ బెల్టు భుజం కోసేస్తోంది." మేస్త్రి రెంచి అక్కడే పెట్టి వెళ్ళాడు. బెల్టు సవరించాడు. అక్క పంపిన మిఠాయిలు తగ్గించు, భుజం అదే సరిపోతుంది అని చురక కూడా వేశాడు. తిరిగొచ్చి పసుపు పెన్ను తీశాడు. నాలుగు గీతలు గీశాడు.

నాలుగో టక్ ఏది?

మేస్త్రి కళ్ళు తెరవలేదు. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. టక్, టక్, టక్, బావా, బెల్టు, చురక, పెన్ను. మూడోసారి చూసుకున్నా అంతే. తిరిగొచ్చాక రెంచి చేతిలోకి తీసుకున్నట్టే ఉంది, తీసుకోనట్టూ ఉంది. చేసిన పని గుర్తులేకపోవడానికీ, చెయ్యకపోవడానికీ లోపల ఒకటే చీకటి. అతనెంత తడిమినా ఆ చీకట్లో చేతికేమీ తగల్లేదు. వ్యాను గేటు దాటి ఆగింది. పక్కవాడు తట్టి దింపాడు.

గ్యారేజీలో కారు మధ్యన మడి కట్టుకున్నట్టు నిలబడి ఉంది. మాట వరసకి కాదు, నిజంగానే మడి. క్వాలిఫయింగ్ ముగిసిన క్షణం నుంచి రేసు మొదలయ్యేదాకా కారుని ఎవరూ ముట్టకూడదు. టైర్లలో గాలి, బ్యాటరీ, అలాంటి నాలుగు చిల్లర పనులకి తప్ప దేనికీ అనుమతి లేదు. ముఖ్యమైనవాటి మీద అధికారుల సీలు కాగితాలు ఉంటాయి, పక్కనే ఒక అధికారి కుర్చీ వేసుకుని ఉంటాడు. మేస్త్రి ఆయన్నడిగి టార్చీ, పుల్లకి కట్టిన చిన్న అద్దమూ తీసుకుని కారు ముక్కులోకి చూశాడు. చూడొచ్చు, ముట్టకూడదు. నాలుగు గీతలూ ఎక్కడా చెదరకుండా, స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. బిగించాక గీసినా అలాగే ఉంటాయి, బిగించకుండా గీసినా అలాగే ఉంటాయి. జన్మలో మొదటిసారి మేస్త్రికి తన గీత మీద అసహ్యం పుట్టింది.

జట్టులో మెకానిక్కులందరి మీదా పెద్ద ఒకాయన ఉన్నాడు. తెల్ల జుట్టు, చెవి కాస్త మందం, నోరు మాత్రం పదును. అందరూ పెద్దాయన అనేవాళ్ళు. మేస్త్రి ఆయన్ని టైర్ల వెనక్కి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"బిగించలేదా?" అన్నాడు పెద్దాయన.

"గుర్తులేదు."

"గుర్తులేకపోవడమంటే బిగించలేదని కాదుగా. పొద్దున పళ్ళు తోముకున్నట్టు నీకు గుర్తుందా? తోముకున్నావుగా?"

"టక్ వినబడలేదు."

"ఇరవై ఏళ్ళుగా వింటున్న టక్ నీ చెవికి ఎక్కదయ్యా మేస్త్రీ. గోడ గడియారం చప్పుడు ఎవడు వింటాడు?" పెద్దాయన నవ్వబోయాడు గానీ మేస్త్రి మొహం చూసి ఆపేశాడు. "పద, అడుగుదాం."

అధికారి మంచివాడే. కుర్చీలోంచి లేచి, తను కూడా అద్దం పెట్టి చూశాడు. తర్వాత తాపీగా చెప్పాడు. "గీత సరిగానే ఉంది కదండీ. ఇక దేనికి విప్పుతారు? బిగించలేదనో, విరిగిందనో రాసి సంతకం పెట్టండి, విప్పుకోండి. కానీ ఒకసారి విప్పితే మీ కారు వరసలో నిలబడదు. అందరూ వెళ్ళాక గ్యారేజీల ముందున్న పిట్ దారిలోంచి అందరికన్నా వెనక బయల్దేరాలి."

"అనుమానంగా ఉందని రాస్తే?" అన్నాడు మేస్త్రి.

"అనుమానానికి రూల్లో చోటు లేదు." ఆయన గొంతులో కాఠిన్యమేమీ లేదు, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పాడు. "అనుమానమని విప్పనిస్తే రేపట్నించి అందరికీ అనుమానాలే."

ఇరవై కార్లకి వెనక నుంచి మూడో స్థానానికి రావడమంటే జరిగే పని కాదు. అంటే విప్పడమంటే కప్పు వదులుకోవడమే. పండు సీటూ, పన్నెండేళ్ళ చాకిరీ అన్నీ దాంతోపాటే. విప్పకపోతేనో? మొదటి మలుపు దగ్గర కారు గంటకి మూడొందల ఇరవై కిలోమీటర్ల మీద వస్తుంది. అక్కడ పండు తన ఒంటి బరువంతా ఎడమ కాలిలో పెట్టి పెడలు తొక్కుతాడు. యాభై ఎనిమిది చుట్లు, చుట్టుకి ఏడుసార్లు. నిన్న క్వాలిఫయింగ్‌లో కొద్ది చుట్లకి ఆగినంత మాత్రాన వదులు బోల్టు అన్నిసార్లు ఊరుకోదు. ఎక్కడో ఒకచోట పెడలు ఒరిగి, కాలు గాల్లోకి పోతుంది. ఆ మలుపు చివర గోడ ఉంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారే, అక్కడ కనీసం కప్పా పామూ ఎవరో తెలుసు. మేస్త్రికి అదీ తెలియలేదు.

"వాణ్ణే అడుగుదాం. నడిపేది వాడు," అన్నాడు పెద్దాయన.

పండు వెనక గదిలో బెంచీ మీద పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి, ఏదో పాట వింటున్నాడు. రేసుకి ముందు ఎప్పుడూ అదే వరస. మేస్త్రి చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా మొహం మారలేదు.

"గీత గీశావా బావా?"

"గీశాను."

"అయితే బిగించావు." పండు మళ్ళీ చెవుల్లో పాట పెట్టుకోబోయాడు.

"అది కాదురా. నాకు గుర్తులేదంటున్నా."

"నీకు పెళ్ళిరోజు కూడా గుర్తుండదు. అక్కని చేసుకోలేదా ఏంటి?" పండు లేచి కూర్చుని అతని భుజం మీద చెయ్యేశాడు. "చూడు బావా. నీ గీతని నమ్మి ఇన్నేళ్ళూ నడిపాను. ఇవాళ ఒక్కరోజు నమ్మకుండా ఎలా నడపమంటావు? ఆ కారు నేను నడుపుతా. వెళ్ళి ఏదన్నా తిను, మొహం పీక్కుపోయింది."

పెద్దాయన గదిలోంచి బయటికొచ్చి, "విన్నావుగా. ఇక వదిలెయ్," అన్నాడు. వదిలెయ్యడానికి మేస్త్రి చేతిలో ఏముంది? బోల్టు అతను బిగించిందే. గీత అతను గీసిందే. ఆ నమ్మకమూ అతను సంపాదించుకున్నదే. అన్నీ కలిసి ఇవాళ అతని మీదే తిరగబడ్డాయి. చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకున్నాడు. కుళాయి కట్టేసేలోగా ఫోను మోగింది, భార్య.

"వాడు తిన్నాడా?"

"తిన్నాడు."

"మీరు?"

"ఆఁ."

"మీ గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"సరే, నేను టీవీ పెట్టి కూర్చుంటున్నా. పక్కింటివాళ్ళు కూడా వస్తున్నారు. ఏమండీ, మూడో స్థానం వచ్చినా చాలు కదూ?"

"చాలు," అన్నాడు. ఫోను పెట్టేశాక అద్దంలో తన మొహం తనే చూసుకోలేక తల దించుకున్నాడు. ఏడవాలని ఉంది. ఏడుపు రాలేదు. అప్పుడతనికి ఒక సంగతి అర్థమైంది. అనుమానం ఉందంటే ఈ ప్రపంచంలో ఎవడూ ఒక్క బోల్టు విప్పడు. తప్పు చేశానంటేనే విప్పుతారు.

తిరిగొచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు. "గుర్తొచ్చింది. నాలుగోది బిగించలేదు."

పెద్దాయన అతని కళ్ళలోకి చూశాడు. "గుర్తొచ్చిందా?"

"గుర్తొచ్చింది. కాగితం ఇవ్వండి, రాస్తాను."

మేస్త్రి అంతకుముందు ఎప్పుడూ అబద్ధం ఆడలేదని కాదు. ఇంటికి ఆలస్యమైతే ఆడాడు, జలుబని ఇప్పుడే ఆడాడు. కానీ పని గురించి ఆడలేదు. బ్రేకు పెడలు నాలుగో బోల్టు బిగించకుండానే గుర్తు పెట్టాను అని స్పష్టంగా, గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేశాడు. ఆ కాగితంతో ఉద్యోగం పోతుందని తెలుసు. ఇరవై ఏళ్ళ పేరూ పోతుంది. వాటి గురించి పెద్దగా బాధపడలేదు. పండు మొహం ఎలా చూడాలన్నదే బాధ. అధికారి కాగితం చదివి, తల ఊపి, సీలు తెంపాడు. వార్త గ్యారేజీ అంతా పాకింది. ఎవరి చేతిలో ఉన్న పని వాళ్ళు ఆపేసి మొహం తిప్పుకున్నారు. వెనక గదిలో ఏదో గోడకి తగిలి పగిలిన చప్పుడైంది. పండు నీళ్ళ సీసా విసిరికొట్టాడు.

"నువ్వు టార్చి పట్టుకో చాలు. నేను చూస్తా," అన్నాడు పెద్దాయన. ఆ వయసులో కారు ముక్కు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల దూర్చి, నాలుగో బోల్టుకి రెంచి తగిలించాడు. మేస్త్రి ఆయన పక్కనే వంగి టార్చి పట్టుకున్నాడు. బోల్టు వదులుగా ఉంటే రెంచి కొంత తిరగాలి, తిరిగి తిరిగి అప్పుడు టక్‌మనాలి. మేస్త్రి టార్చి ఇంకా దగ్గరికి జరిపాడు. తిరగాలి, తిరగాలి అనుకున్నాడు. తను చేసిన పని చెడిపోయి ఉండాలని ఒక పనివాడు కోరుకోవలసి రావడం ఎంత నరకమో పగవాడికి కూడా తెలియకూడదు.

టక్.

వెంటనే అంది. రెంచి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

పెద్దాయన రెండోసారి లాగాడు. టక్. కారు ముక్కులో, అంత ఇరుకులో, ఇద్దరి తలలూ జానెడు దూరంలో ఉన్నాయి. పెద్దాయన తల తిప్పి మేస్త్రి వైపు చూశాడు. చుట్టుపక్కల కార్లు ఇంజన్లు వేడెక్కిస్తున్నాయి. ఆ చప్పుడులో ఈ టక్ ఇంకెవరికీ వినబడే అవకాశం లేదు. మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు. ఒకసారి విప్పిన బోల్టు మళ్ళీ వాడకూడదన్నది రూలు. పెద్దాయన పాతది ఊడదీసి మేస్త్రి అరచేతిలో పెట్టాడు, కొత్తది తీసుకుని బిగించాడు, గీత తనే గీశాడు.

లేచేసరికి పండు ఎదురుగా ఉన్నాడు. హెల్మెట్టు చేతిలో, కళ్ళు ఎర్రగా. "ఏమైంది?" అన్నాడు. గొంతులో నిప్పులున్నాయి. ఆ నిప్పులతో కారెక్కితే వాడు మొదటి మలుపులోనే ఎవణ్ణో గుద్దుతాడని అక్కడున్న ఎవరికైనా తెలుస్తుంది. పెద్దాయనకి అందరికన్నా బాగా తెలుసు.

"వదులుగా ఉంది," అన్నాడు పెద్దాయన, గ్యారేజీ అంతటికీ వినబడేలా. "వేలితో తిప్పితే తిరిగింది. ఇంకో పది చుట్లు కూడా ఆగేది కాదు. మీ బావ నోరు తెరవకపోతే ఈపాటికి మీ అక్కకి ఏం చెప్పాలో వెతుక్కుంటుండేవాళ్ళం."

పండు మొహంలో నిప్పు అలాగే ఒక క్షణం నిలబడి, తర్వాత చల్లారిపోయింది. మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి నోరు తెరిచాడు. ఏమని చెప్పాలి? సంతకం పెట్టిన కాగితం అధికారి జేబులో ఉంది. పెద్దాయన చేతి వేళ్ళు వెనకనుంచి అతని మోచేతిని గట్టిగా నొక్కుతున్నాయి. పండు రెండడుగులు వేసి బావని వాటేసుకున్నాడు, వెళ్ళి కారెక్కాడు.

"ఎందుకలా చెప్పారు?" అన్నాడు మేస్త్రి, కారు బయటికి వెళ్ళాక.

"నువ్వు ఎందుకు రాశావో అందుకే," అన్నాడు పెద్దాయన. "చేతులు చూసుకో, వణుకుతున్నాయి. ఇవాళ రేసు మధ్యలో చక్రాలు మార్చేటప్పుడు కారు దగ్గరికి రాకు. కూర్చుని చూడు."

కూర్చుని చూడటం. గంటన్నరసేపు మేస్త్రి చేసింది అదొక్కటే. మిగతా కార్లన్నీ మొదటి మలుపు దాటి పోయాక పిట్ దారి చివర ఆకుపచ్చ దీపం వెలిగింది, పండు బయల్దేరాడు. పది చుట్లకి పద్నాలుగో చోటు. ఇరవై అయిదు చుట్లకి తొమ్మిది. ఆ రోజు వాడు నడిపినట్టు జన్మలో నడపలేదు. ప్రతి మలుపులోనూ అందరికన్నా ఆలస్యంగా బ్రేకు తొక్కాడు, ఇక ఆ బ్రేకుకి ఢోకా లేదని తెలిసినవాడిలా. ఆ నమ్మకం పెద్దాయన మాటలోంచి వచ్చిందని మేస్త్రికి తెలుసు. గ్యారేజీ టీవీ తెరమీద పండు బ్రేకు తొక్కినప్పుడల్లా, పాత బోల్టుతో కూడా ఇలాగే ఆగేదిరా నాయనా అని లోపల్లోపల అరుచుకున్నాడు. నలభయ్యో చుట్టుకి ఆరో చోటు. యాభై రెండుకి నాలుగు. గ్యారేజీలో అందరూ లేచి నిలబడ్డారు. మూడోవాడు ఆరు సెకన్ల ముందున్నాడు. నాలుగు. మూడు. ఒకటిన్నర. ఆఖరి చుట్టు ఆఖరి మలుపులో పండు కారు ముక్కు మూడోవాడి వెనక చక్రం పక్కకి వచ్చింది. ముగింపు గీత దాటేసరికి అక్కడే ఉంది, పక్కనే, నాలుగో చోటులోనే. రెండు పాయింట్ల తేడాతో కప్పు, ఆ రేసు గెలిచిన అవతలివాడికి పోయింది.

వరసలో మొదట నిలబడి ఉంటే? ఆ లెక్క చెయ్యడానికి మేస్త్రికి పెన్నూ కాగితమూ అక్కర్లేదు.

కారు దిగిన పండు చుట్టూ మైకులు మూగాయి. వాడు ఏడుస్తాడని, ఎవణ్ణో తిడతాడని వాళ్ళ ఆశ. పండు చెమట తుడుచుకుని, "కప్పు పోయింది. నేను మాత్రం ఉన్నాను. తప్పు జరిగిందని రేసు ముందు సంతకం పెట్టి ఒప్పుకున్న మెకానిక్కుని మీరెవరైనా చూశారా? నేను చూశాను, మా బావ," అన్నాడు. గ్యారేజీలో చప్పట్లు కొట్టారు. ఇందాక మొహం తిప్పుకున్నవాళ్ళే వచ్చి మేస్త్రి వీపు తట్టారు. నిజాయితీ అంటే నీది అన్నారు. రెండో సంతకం పెట్టినవాడు వచ్చి కాళ్ళ మీద పడినంత పనిచేశాడు, నేను చూసుకోవలసింది అన్నా అని. మేస్త్రి ప్రతివాడికీ తల ఊపాడు. ఇంతమంది పొగుడుతుంటే నేలలోకి కుంగిపోవాలనిపించడం అతనికి అదే మొదలు.

పనిముట్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. కాసేపటికి పండు వెతుక్కుంటూ వచ్చాడు, చెవి దగ్గర ఫోనుతో.

"ఇక్కడున్నాడే అక్కా, దాక్కున్నాడు." ఫోను కాస్త పక్కకి తీసి మేస్త్రితో, "ఒకటే ఏడుపు. ఇంటికి రానీ, కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా అంటోంది. ఇంతకీ నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారంట కదా? తియ్యనివ్వను నేను." అని, ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "అయ్యో, నేనే లేనుగా!"

మేస్త్రి నవ్వలేదు. "పండూ, నీకొక మాట చెప్పాలిరా."

"నువ్వేం చెప్పకు బావా." పండు నవ్వు ఆపాడు. మొహంలో అలసటంతా అప్పుడు బయటపడింది, ఒక్కసారిగా ముప్పై నాలుగేళ్ళవాడయ్యాడు. "పోయినసారి రెండో స్థానంలో ఆగి కప్పు పోయినప్పుడు నెల రోజులు నిద్ర పట్టలేదు నాకు. నీకు తెలుసుగా. ఇవాళ సీటు కూడా పోయింది. అయినా చూడు, నిలబడి మాట్లాడుతున్నా. ఎందుకో తెలుసా? కప్పు కోసం చచ్చిపోయేవాణ్ణి, బతికాను. ఆ లెక్కొక్కటి చాలు నాకు. అది లేకపోతే నేనేమైపోయేవాణ్ణో."

కప్పు ఎలాగూ మేస్త్రే తీసేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే వాడి దగ్గర మిగిలిన ఆ ఒక్కటి కూడా తీసేసినట్టవుతుంది. తెరవకపోతే బతికినన్నాళ్ళూ ఆ కృతజ్ఞతని తిని బతకాలి. రెండూ చెయ్యలేని మనిషి గోడకి జారబడ్డాడు.

"అవును గానీ బావా," అన్నాడు పండు, చెయ్యి చాపి. "ఆ బోల్టు నీ దగ్గరే ఉందని పెద్దాయన చెప్పాడు. ఇలా ఇయ్యి."

"ఎందుకురా అది?"

"ముందుగదిలో అద్దాల బీరువా పై అర అక్క ఖాళీగా ఉంచింది చూడు, కప్పు కోసమని. అందులో పెడదాం. వచ్చినవాళ్ళకి చూపించొద్దూ, నా ప్రాణం ఖరీదెంతో?"

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. రేసు ముందునుంచీ అరచేతిలో నలిగి నలిగి బోల్టు వెచ్చగా ఉంది. చాలాసేపు పట్టింది చెయ్యి బయటికి రావడానికి. పండు దాన్ని అందుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయి, కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఫోను మళ్ళీ చెవికి ఆనించి, అక్కా, వస్తున్నాం, ఆ పై అర తుడిచి ఉంచు అని చెప్పాడు.